గెలాక్సీల సర్వేలు - విశ్వంలో కంటికి కనిపించని పదార్థం, శక్తి

క్రీస్తు శకం 964 ప్రాంతంలో అబ్దుర్రహమాన్ అల్ సూఫీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ‘కితాబు సువరుల్ కవాకిబ్’ అనే గ్రంథాన్ని రచించాడు. స్థిర నక్షత్రాల స్వరూపాలను వర్ణించే గ్రంథమది. అంతకు ఎనిమిది వందల సంవత్సరాల పూర్వం టాలెమీ తయారు చేసిన నక్షత్ర పట్టికను ఎదుట ఉంచుకొని, ఒక్కొక్క నక్షత్రాన్ని ఆకాశంలో తిరిగి చూచి, దాని స్థానాన్ని, కాంతిని సరిచూచి వ్రాయడం ఆయన పూనుకొన్న పని. ఆ పనిలో భాగంగా దేవయాని తారామండలం వద్ద చిన్న మేఘం వంటి మచ్చ ఒకటి ఉన్నదని కూడా ఆయన వ్రాసి ఉంచాడు. ఈనాడు మనం దేవయాని గెలాక్సీ అని పిలిచేది దానినే. అది మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. మన పాలపుంతను ఉర్దూలో కహకషాన్ అంటారు గదా, అటువంటి కహకషాన్ మరొకటి గ్రంథస్థం కావడం, మనకు లభించిన వ్రాతలలో, అదే మొదటిసారి.

అల్ సూఫీ ఆ మేఘాన్ని వెదకుతూ పోలేదు. ఆకాశాన్ని క్రమం తప్పకుండా, ఏదీ విడువకుండా చూచుకొంటూ పోయాడు కనుక అది లెక్కలోకి వచ్చింది. సర్వే అనే మాటకు అర్థమిదే. పూర్వం మన గ్రామాలలో రెవెన్యూ సర్వే జరిగినప్పుడు ఇది మాగాణి, ఇది బీడు అని ఎంచుకోలేదు. గొలుసు పట్టి ప్రతి చెక్కను కొలిచి, నంబరు వేసి, రాళ్ళు పాతారు. గొప్పవి, వింతైనవి మాత్రమే ఏరుకొని చూచేవాడికి ఆకాశంలో కొన్ని అందమైన వస్తువులు తెలుస్తాయి. అన్నిటినీ లెక్కించేవాడికే వాటి మధ్యనున్న సంబంధం తెలుస్తుంది. విశ్వంలోని పదార్థంలో అధిక భాగం కాంతిని వెలువరించదు అన్న సంగతిని, అంతకంటె విచిత్రమైన కృష్ణ శక్తి అన్న సంగతిని పరిశీలించడానికి శాస్త్రజ్ఞులు నేడు ముఖ్యంగా ఆధారపడేది ఇటువంటి లెక్కల మీదనే.

ఈ సందర్భంలో మన హైదరాబాదును స్మరించుకోవలసి ఉన్నది. 1887లో పారిస్ నగరంలో జరిగిన సమావేశంలో ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలుగా తీసి, నక్షత్రాల పట్టిక తయారు చేయాలని వివిధ దేశాల వేధశాలలు నిర్ణయించాయి. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించారు. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ వద్ద నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వం క్రిందికి వచ్చి బేగంపేటకు మారిన పిదప, ఖగోళ విషువద్రేఖకు దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీని స్వీకరించింది. చాట్‌వుడ్, పోకాక్, టి.పి. భాస్కరన్ వంటి డైరెక్టర్ల కాలంలో ఆ పని దశాబ్దాల పాటు సాగింది. తమ పట్టీ పూర్తి కాగానే, జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తి చేయలేకపోయిన పట్టీలోని 36 నుండి 39 డిగ్రీల భాగాన్ని కూడా హైదరాబాదు వారే తలకెత్తుకొన్నారు. మొత్తం ఏడున్నర లక్షలకు పైచిలుకు నక్షత్రాల స్థానాలను గాజు పలకల మీద కంటితో చూచి, చేతితో కొలిచి, గ్రంథాలుగా ప్రకటించారు. అవి నక్షత్రాలే గాని గెలాక్సీలు కావు. అయినా ఈ వ్యాసంలో చెప్పబోయే పని తీరు సరిగ్గా అదే. 1919 నుండి ఆ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో సందేహమే.

తూకం కుదరని లెక్క

సూర్యునికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు సుమారు 48 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు. చివరనున్న నెప్ట్యూన్ వేగం 5.4 కిలోమీటర్లు మాత్రమే. దూరం పెరిగిన కొలదీ సూర్యుని ఆకర్షణ తగ్గుతుంది, ఆ ఆకర్షణకు సరిపడే వేగం కూడా తగ్గుతుంది. కనుక తిరిగే వస్తువు వేగం, దూరం తెలిస్తే నడుమనున్న పదార్థాన్ని తూచవచ్చును. సూర్యుని తూచినది ఈ త్రాసుతోనే.

1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ ఈ త్రాసును కోమా గెలాక్సీల గుంపుకు పట్టించాడు. ఆ గుంపులోని కొద్ది గెలాక్సీల వేగాలు అప్పటికి తెలిసి ఉన్నాయి. అవి సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు అటు ఇటుగా వ్యత్యాసం చూపుతున్నాయి. అంత వేగంగా తిరిగే గెలాక్సీలు ఎప్పుడో చెల్లాచెదరై పోవలసింది. గుంపు విడిపోకుండా పట్టి ఉంచడానికి కనిపించే నక్షత్రాల ఆకర్షణ ఎంతమాత్రం చాలదు. కాంతి లేని పదార్థం ఏదో అక్కడ ఉండాలని జ్విక్కీ వ్రాశాడు. ఆనాటి దూరాల లెక్కలో లోపమున్నందున ఆయన చెప్పిన అంకె నేడు నిలవలేదు. ఆయన చెప్పిన మాట నిలిచింది. అయితే దాదాపు నలభై సంవత్సరాల వరకు దానిని పట్టించుకొన్నవారు చాలా తక్కువ.

1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే ఇరువురు అల్ సూఫీ చూచిన ఆ మేఘాన్నే, అనగా దేవయాని గెలాక్సీనే, తీసుకొని కేంద్రం నుండి అంచు వరకు వేగాలను కొలిచారు. అంచుకు పోయేకొలదీ వేగం నెప్ట్యూన్ వలె తగ్గాలి. తగ్గలేదు. 1980లో వారు 21 గెలాక్సీల కొలతలు ప్రకటించారు. వాటిలోనూ వేగం అంచు వరకు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నది. రేడియో దూరదర్శినులతో నక్షత్రాలు అంతమైన చోటుకు కూడా ఆవలనున్న హైడ్రోజన్ వాయువును పరిశీలించినవారికీ ఇదే కనిపించింది. ప్రతి గెలాక్సీ కనిపించని పదార్థపు గోళం ఒకదానిలో మునిగి ఉన్నదని అప్పటినుండి అంగీకరించక తప్పలేదు.

దీనినే తెలుగులో కృష్ణ పదార్థం అంటున్నారు. ఈ పేరు కొంత దారి తప్పించేది. నల్లని వస్తువు కాంతిని మింగుతుంది, వెనుకనున్న దానిని మరుగుపరుస్తుంది. ఈ పదార్థం మింగదు, మరుగుపరచదు. కాంతి దాని గుండా ఏమీ ఎరుగనట్లు సాగిపోతుంది. అదృశ్య పదార్థం అంటే ఎక్కువ సరిగా ఉండేది. కాని పేరు స్థిరపడిపోయినది కనుక మనమూ దానినే వాడుదాం.

మూడవ కొలత

ఆకాశంలో ఒక గెలాక్సీ స్థానం చెప్పడానికి రెండు కోణాలు చాలు. భూమి మీద అక్షాంశ రేఖాంశాల వంటివి అవి. అది ఎంత దూరంలో ఉన్నదో ఆ రెండు అంకెలు చెప్పవు. దూరం తెలియనంత వరకు గెలాక్సీల పటం గోడ మీది బొమ్మే. ఒకదాని వెనుక ఒకటి వందల కోట్ల కాంతి సంవత్సరాల ఎడంలో ఉన్నవి కూడా ప్రక్కప్రక్కనే ఉన్నట్లు తోస్తాయి.

దూరాన్ని తెలిపేది వర్ణపటం. హైడ్రోజన్ వెలువరించే ఎర్రని రేఖ తరంగదైర్ఘ్యం ప్రయోగశాలలో 656.3 నానోమీటర్లు. ఒక గెలాక్సీలో అదే రేఖ 721.9 వద్ద కనిపించిందనుకోండి. పదవ వంతు పొడవు పెరిగింది. విశ్వం వ్యాకోచిస్తున్నందున దారిలో కాంతి తరంగం కూడా సాగిందన్నమాట. దీనిని అరుణ విస్థాపనం అంటారు. ఇక్కడ దాని విలువ 0.1. దూరంగా ఉన్న గెలాక్సీలు అంత వేగంగా తొలగిపోతున్నాయని 1929లో ఎడ్విన్ హబుల్ చూపించాడు. ఆ నియమం ప్రకారం 0.1 విలువ గల గెలాక్సీ సుమారు 130-140 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది. ఈ ఒక్క అంకెతో గోడ మీది బొమ్మకు లోతు వస్తుంది.

చెప్పడం సులభం. మసక గెలాక్సీ నుండి వచ్చే కొద్దిపాటి కాంతిని రంగులుగా విడదీస్తే ఒక్కొక్క రంగుకు మిగిలేది అత్యల్పం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో 1.5 మీటర్ల దూరదర్శినితో హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రం వారు ఒక రాత్రి తరువాత ఒక రాత్రిగా, ఒక గెలాక్సీ తరువాత ఒక గెలాక్సీగా ఈ పని సాగించారు. 1986లో వలెరీ ద లపరాం, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా కలిసి సుమారు 1,100 గెలాక్సీల పటాన్ని ప్రకటించారు. ఆకాశంలో 6 డిగ్రీల వెడల్పు గల సన్నని చీలిక అది, పుచ్చకాయ ముక్క వంటిది. గెలాక్సీలు విశ్వంలో ఇసుక చల్లినట్లు సమానంగా ఉండక పోయినా మొత్తం మీద చెదురుగానే ఉంటాయని అందరూ అనుకొన్నారు. పటం చూస్తే సబ్బు నురుగు జ్ఞాపకం వస్తుంది. నడుమ కోట్ల కాంతి సంవత్సరాల శూన్యపు బుడగలు, ఆ బుడగల గోడల మీద మాత్రమే గెలాక్సీలు. 1989లో ‘మహా కుడ్యం’ అని పేరు పొందిన గెలాక్సీల గోడ ఒకటి వెల్లడి అయినది. దాని పొడవు సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఈ నురుగు అందానికి మాత్రమే పనికివచ్చేది కాదు, దానికి సాక్ష్యపు విలువ ఉన్నది. కృష్ణ పదార్థం ఎటువంటి కణాలతో ఏర్పడినదో దానిబట్టి నురుగు రూపం మారుతుంది. 1980ల ఆరంభంలో న్యూట్రినోలే కృష్ణ పదార్థమై ఉండవచ్చునని పలువురు తలచారు. సైమన్ వైట్, కార్లోస్ ఫ్రెంక్, మార్క్ డేవిస్ 1983లో కంప్యూటరులో ఒక కృత్రిమ విశ్వాన్ని న్యూట్రినోలతో నింపి నడిపించి చూచారు. న్యూట్రినోలు అతివేగంగా పరుగెత్తేవి కనుక చిన్న ముద్దలన్నిటినీ చెరిపివేసి, పెద్ద పెద్ద గుంపులను మాత్రమే మిగిల్చాయి. సర్వేలో కనిపించే పటానికి దానికి పొంతన కుదరలేదు. ఆ వాదం అంతటితో బలహీనపడింది. ఏ ప్రయోగశాలకూ చిక్కని కణాన్ని గురించి, గెలాక్సీలను లెక్కపెట్టి తీర్పు చెప్పగలగడం నా దృష్టిలో గత శతాబ్దపు ఖగోళ శాస్త్రంలోని మిక్కిలి సాహసమైన ఆలోచనలలో ఒకటి. నెమ్మదిగా కదిలే, ‘చల్లని’ కణాలు కావాలని తేలింది. అవి ఏవో నేటికీ చేజిక్కలేదు.

లెక్క మళ్ళీ తప్పింది

చల్లని కృష్ణ పదార్థంతో కూడా ఒక చిక్కు వచ్చింది. ఆస్ట్రేలియాలో ఛాయాచిత్రాలు తీసిన గాజు పలకలను కేంబ్రిడ్జిలో యంత్రంతో చదివి, సుమారు 20 లక్షల గెలాక్సీల పట్టిక ఒకటి తయారు చేశారు. చాలా పెద్ద దూరాల మీద కూడా గెలాక్సీలు సిద్ధాంతం చెప్పిన దానికంటె ఎక్కువగా గుమిగూడి ఉన్నాయని ఆ పట్టిక తెలిపింది. 1990లో జార్జ్ ఎఫ్‌స్టాథియూ, విల్ సదర్లాండ్, స్టీవ్ మాడాక్స్ ఒక పరిష్కారం సూచించారు. విశ్వంలో పదార్థం అందరూ అనుకొన్నంత లేదనీ, లోటును 1917లో ఐన్‌స్టీన్ ప్రవేశపెట్టి తరువాత త్రోసివేసిన ‘విశ్వ స్థిరాంకం’ భర్తీ చేస్తున్నదనీ వారు అన్నారు. అది చాలామందికి రుచించలేదు.

ఎనిమిది సంవత్సరాలకు, 1998లో, రెండు బృందాలు వేర్వేరుగా దూరపు సూపర్‌నోవాలను పరిశీలించి విశ్వవ్యాకోచం మందగించడం లేదనీ, నానాటికీ వేగం పుంజుకొంటున్నదనీ ప్రకటించాయి. ఆ బృందాలకు చెందిన పెర్ల్‌మట్టర్, ష్మిట్, రీస్‌లకు 2011లో నోబెల్ బహుమతి లభించింది. వేగం పెంచే ఆ కారణానికే కృష్ణ శక్తి అని పేరు. పేరు పెట్టాం గాని అది ఏమిటో మనకు తెలియదు. నేటి కొలతల ప్రకారం విశ్వంలో సుమారు 68 శాతం కృష్ణ శక్తి, 27 శాతం కృష్ణ పదార్థం. మనం, మన భూమి, నక్షత్రాలు, వాయువులు, రసాయన శాస్త్రంలో చదివే మూలకాలన్నీ కలిసి మిగిలిన 5 శాతం. సూపర్‌నోవాల కీర్తి న్యాయమైనదే. అయితే గెలాక్సీల పట్టిక ముందుగానే వేలెత్తి చూపిందన్న సంగతిని పాఠ్యపుస్తకాలు చాలావరకు చెప్పవు.

విశ్వానికి ఒక కొలబద్ద

కృష్ణ శక్తిని పరిశీలించాలంటే వేర్వేరు కాలాలలో విశ్వం ఎంత వేగంగా వ్యాకోచించినదో తెలియాలి. అందుకు పొడవు ముందే తెలిసిన కొలబద్ద ఒకటి కావాలి. అటువంటి దానిని ప్రకృతే అమర్చింది.

విశ్వం పుట్టిన తొలి 3,80,000 సంవత్సరాలలో పదార్థం మిక్కిలి వేడిగా, పరమాణువులు ఏర్పడకుండా ఉండేది. కాంతి, పదార్థం ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఒకే ప్రవాహంగా మెలగేవి. ఎక్కడ సాంద్రత కొంచెం హెచ్చితే అక్కడినుండి పీడన తరంగం, అనగా ధ్వని తరంగం, వలయంగా బయలుదేరేది. చెరువులో రాయి వేస్తే అలలు పరుగెత్తినట్లే, అయితే కాంతి వేగంలో సగానికి మించిన వేగంతో. 3,80,000వ సంవత్సరం నాటికి విశ్వం చల్లబడి, పరమాణువులు ఏర్పడి, కాంతి విడిపోయింది. త్రోసే బలం పోవడంతో అల ఎక్కడికక్కడ ఆగిపోయింది. చెరువులో అల పరుగెత్తుతుండగా నీరు ఒక్కసారిగా గడ్డకట్టినట్లన్నమాట. విశ్వంతో పాటు ఆ వలయాలు కూడా సాగుతూ వచ్చి, నేడు వాటి వ్యాసార్థం సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాలు అయినది. వలయం కేంద్రం వద్ద, అంచు వద్ద గెలాక్సీలు ఇతర చోట్ల కంటె కొంచెం ఎక్కువగా ఏర్పడ్డాయి.

కొంచెం అంటే అత్యల్పం. ఏ ఒక్క వలయమూ కంటికి కనిపించదు. ఎన్నో వలయాలు ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయి ఉన్నాయి. కాని వేలాది గెలాక్సీలను జతలు జతలుగా తీసుకొని ప్రతి జత మధ్య దూరాన్ని లెక్కిస్తే, 50 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర జతల సంఖ్య స్వల్పంగా పెరగాలి. 2005లో ఆ పెరుగుదల నిజంగానే కనిపించింది. డేనియల్ ఐజెన్‌స్టైన్ బృందం స్లోన్ సర్వేలోని 46,748 ఎర్రని గెలాక్సీలలో దానిని చూచింది. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో రెండు లక్షలకు పైగా గెలాక్సీలను కొలిచిన మరొక సర్వే బృందం కూడా ప్రకటించింది. 46,748 గెలాక్సీలతో జతలు ఎన్ని అవుతాయో గణిత విద్యార్థులు వేసి చూడవచ్చును. నూరు కోట్లు దాటుతాయి.

స్లోన్ సర్వే జరిగిన తీరు కూడా చెప్పుకోదగినది. న్యూ మెక్సికోలో 2.5 మీటర్ల దూరదర్శినితో 2000లో అది ప్రారంభమైనది. ఒక్కొక్క గెలాక్సీని చూస్తూ పోతే తరాలు చాలవు. అందుచేత ఆకాశంలో గెలాక్సీలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడికి సరిపోయేటట్లు అల్యూమినియం పళ్ళెంలో 640 రంధ్రాలు చేసేవారు. పగటి పూట పనివారు కూర్చొని ప్రతి రంధ్రంలోనూ ఒక గాజు తంతువును చేతితో గుచ్చేవారు. రాత్రి ఆ పళ్ళెం బిగిస్తే 640 వస్తువుల కాంతి ఒకేసారి వర్ణపట యంత్రానికి చేరుతుంది. మగ్గం మీద పడుగు పోగులు ఎక్కించే ఓర్పు వంటిదది. హైదరాబాదులో గాజు పలకలు కొలిచినవారికీ వీరికీ దగ్గర చుట్టరికమే.

కాంతి వంగిన చోట

పదార్థం ఉన్నచోట కాంతి మార్గం వంగుతుందని 1919 సూర్యగ్రహణంలో ఋజువైనది. దూరపు గెలాక్సీ నుండి వచ్చే కాంతి దారిలో కృష్ణ పదార్థం సమీపం నుండి వస్తే ఆ గెలాక్సీ ఆకారం మనకు కొద్దిగా సాగి కనిపిస్తుంది. సాగేది నూటికి ఒక వంతు మాత్రమే. గెలాక్సీలు స్వతహాగానే కోలగా, వాలుగా రకరకాలుగా ఉంటాయి. కనుక ఒక గెలాక్సీని చూచి ఏమీ చెప్పలేము. ఒకే దిశలోని వేలాది గెలాక్సీల వాలును సగటు తీసినప్పుడు స్వతస్సిద్ధమైన వాలులు ఒకదానినొకటి కొట్టివేసుకొని, కృష్ణ పదార్థం వల్ల కలిగిన సాగుదల మాత్రమే మిగులుతుంది. 2000లో నాలుగు బృందాలు దీనిని మొదటిసారిగా కొలిచాయి. చిలీ దేశంలో 4 మీటర్ల దూరదర్శినికి 57 కోట్ల చుక్కల కెమెరా అమర్చి, 2013 నుండి 2019 వరకు 758 రాత్రులు సాగిన ‘డార్క్ ఎనర్జీ సర్వే’ వారు 2021లో 10 కోట్ల గెలాక్సీల ఆకారాలను ఇట్లు విశ్లేషించి ఫలితాలు ప్రకటించారు. ఇన్ని కోట్ల వర్ణపటాలు తీయడం అసాధ్యం కనుక మామిడిపండు రంగు చూచి పక్వం అంచనా కట్టినట్లు, కొన్ని రంగుల కాంతిని బట్టి దూరాన్ని అంచనా కడతారు. ఆ అంచనాలో దొర్లే పొరపాటే ఈ పద్ధతికి పెద్ద బెడద.

పొరపాట్ల మాట వచ్చింది కనుక విద్యార్థులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి చెప్పాలి. దూరం పోయేకొలదీ మసక గెలాక్సీలు కంటికి ఆనవు, ప్రకాశవంతమైనవి మాత్రమే మిగులుతాయి. ఇది తెలియనివాడు దూరాన గెలాక్సీలన్నీ ప్రకాశవంతమైనవే అని నిర్ధారిస్తాడు. కనుక మంచి సర్వే తాను చూచిన వాటితో పాటు ఎంతవరకు చూడగలిగిందో, ఎక్కడ చూడలేకపోయిందో కూడా నమోదు చేస్తుంది. మరొక జాగ్రత్త మరీ విశేషమైనది. తమకు నచ్చిన సమాధానం వైపు లెక్క తెలియకుండానే ఒరగకుండా ఉండడానికి నేటి బృందాలు అసలు ఫలితాన్ని తమ నుండి తామే దాచుకొంటాయి. అంకెలలో తమకు తెలియని మార్పు ఒకటి చేయించి, పద్ధతి అంతా స్థిరపడిన పిదపనే ముసుగు తీస్తాయి. ముసుగు తీసిన తరువాత పద్ధతిని తమ ఇష్టానుసారం మార్చరాదు.

స్థిరమా, చంచలమా?

ప్రస్తుతం అందరి చూపు అరిజోనాలోని కిట్ పీక్ శిఖరం మీద ఉన్నది. అక్కడ 4 మీటర్ల దూరదర్శినికి ‘డెసి’ అనే పరికరాన్ని అమర్చి 2021 మే నెలలో సర్వే ప్రారంభించారు. చేతితో గుచ్చే పళ్ళేల స్థానంలో 5,000 చిన్న యంత్ర హస్తాలు వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క గాజు తంతువును పట్టుకొని రెండు మూడు నిమిషాలలో కొత్త గెలాక్సీ వైపుకు జరుగుతుంది. 2025 మార్చిలో వారు ప్రకటించిన ఫలితాలకు ఆధారం సుమారు కోటి యాభై లక్షల గెలాక్సీలు, క్వేజార్లు.

ఆ ఫలితాలు కలవరం కలిగించేవి. ఐన్‌స్టీన్ స్థిరాంకమే కృష్ణ శక్తి అయితే, విశ్వం ఎంత వ్యాకోచించినా ఘనపు మీటరుకు దాని పరిమాణం మారరాదు. డెసి కొలబద్ద కొలతలను విశ్వపు తొలి కాంతి కొలతలతో, సూపర్‌నోవాలతో కలిపి చూచినప్పుడు, ఆ శక్తి గతంలో కంటె నేడు క్షీణిస్తున్నదన్న సూచన కనిపించింది. సూచన అనే అంటున్నాను, ఋజువు అనడం లేదు. సూపర్‌నోవాల పట్టికలలో ఏది తీసుకొన్నాము అనేదానిని బట్టి ఆ సూచన బలం 2.8 నుండి 4.2 ‘సిగ్మా’ల వరకు మారుతున్నది. భౌతిక శాస్త్రంలో ఆవిష్కరణ అని చాటడానికి 5 సిగ్మాలు కావాలన్నది ఆచారం. పట్టిక మార్చితే బలం ఇంతగా మారడమే నాకు అనుమానం కలిగిస్తున్నది. సూపర్‌నోవాల కొలతలలో ఎక్కడో చిన్న లోపం దాగి ఉండవచ్చును. అయితే అనుమానించడం వేరు, కొట్టివేయడం వేరు. 1990లో స్థిరాంకం మాట ఎత్తినవారిని కూడా అనుమానించారు.

ఇది పండితుల మధ్య తగవు మాత్రమే కాదు. శక్తి స్థిరమైతే విశ్వం ఎన్నటికీ ఆగకుండా, వేగం పెంచుకొంటూ వ్యాకోచిస్తుంది. మనకు దగ్గరగా ఆకర్షణతో కట్టుబడి ఉన్న కొన్ని తప్ప మిగిలిన గెలాక్సీలన్నీ చూపు దాటిపోతాయి. ఆనాటి ఖగోళ శాస్త్రజ్ఞునికి సర్వే చేయడానికి ఏమీ మిగలదు. శక్తి క్షీణిస్తున్నదైతే ఆ భవిష్యత్తు మారుతుంది, దానితో పాటు మనం నిశ్చయమని పాఠం చెబుతున్న మూల సమీకరణమూ మారుతుంది. 2023 జూలై 1న ఐరోపా వారు ప్రయోగించిన యూక్లిడ్ ఉపగ్రహం, చిలీలో 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన 8.4 మీటర్ల వేరా రూబిన్ వేధశాల ఈ తగవులో సాక్ష్యం చెప్పబోతున్నాయి. బ్రతికి ఉండగా తగిన గుర్తింపు పొందలేదని పలువురు భావించే రూబిన్ పేరు ఆ వేధశాలకు పెట్టడం సముచితం.

మన వంతు

ఈ సర్వేలన్నీ విదేశాలలోనివే గదా, మనకేమిటి అనవచ్చును. స్లోన్ సర్వే అంకెలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చును. డెసి తొలి విడత అంకెలు కూడా 2025 మార్చిలో బహిరంగమైనాయి. 2017లో పూణెలోని ‘ఆయూకా’ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో గెలాక్సీల గుంపుల మహా సమూహం ఒకదానిని కనుగొని దానికి ‘సరస్వతి’ అని పేరు పెట్టారు. అది ఎవరూ చూడని రహస్య చిత్రంలో దొరికినది కాదు, అందరి ముందు ఉన్న స్లోన్ అంకెలలోనే దొరికింది. 2007లో నెదర్లాండ్స్‌లో హన్నీ వాన్ ఆర్కెల్ అనే పాఠశాల ఉపాధ్యాయిని అవే చిత్రాలను ఇంటి వద్ద చూస్తూ, అంతకు ముందు ఎవరూ గమనించని ఆకుపచ్చని వాయు మేఘాన్ని గుర్తించింది. కళాశాల కమిటీ పెద్దలు గమనించవలసినది ఇది: దూరదర్శిని కొనడానికి ధనం లేకపోవచ్చును, ఇంటర్నెట్ గల ఒక కంప్యూటరు, సంఖ్యాశాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు ఉంటే బి.యస్‌సి. విద్యార్థికి ఈ పని అందుబాటులోనిదే.

ప్రారంభించడానికి ఒక అభ్యాసం సూచిస్తాను. స్లోన్ పట్టికలో కోమా గుంపును తీసుకోండి. దాని విషువాంశ 195 డిగ్రీలు, క్రాంతి ఉత్తరంగా 28 డిగ్రీలు. ఆ బిందువు చుట్టూ ఒక డిగ్రీ లోపల, అరుణ విస్థాపనం 0.015 నుండి 0.032 వరకు గల గెలాక్సీలను ఏరండి. ప్రతి విలువను కాంతి వేగంతో గుణిస్తే వేగం వస్తుంది. సగటు సెకనుకు 7,000 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఆ సగటు నుండి వేగాల చెదురును లెక్కకట్టండి, సుమారు 1,000 కిలోమీటర్లు రావాలి. వేగాన్ని దూరంగా భావించి పటం గీస్తే, గుంపు గుండ్రంగా ఉండక, మన వైపు చాచిన వేలు వలె పొడవుగా కనిపిస్తుంది. దూరంలో అది నిజంగా అంత పొడవు లేదు, లోపలి గెలాక్సీల పరుగే దానిని అట్లా చూపుతున్నది. ఇప్పుడు చెదురును వర్గం చేసి, గుంపు వ్యాసార్థం సుమారు 30 లక్షల కాంతి సంవత్సరాలనుకొని దానితో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించి, 5 రెట్లు చేయండి. సూర్యుని వంటి నక్షత్రాలు 1 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని వస్తాయి. తరువాత అవే గెలాక్సీల కాంతిని కూడి, అందులో ఎన్ని సూర్యుల వెలుగు ఉన్నదో చూడండి.